జిమ్ గోడ నుంచి రాతి మీదికి – 4వ పాఠం: పైకి చేరాక చేయవలసిన పని

గత పాఠంలోని అభ్యాసం చేసే ఉంటారు. నేలకు రెండడుగుల ఎత్తులో, చేతులు రాతికి ఆనించకుండా, వాలు బండ మీద పాదాల బలంతోనే అటూ ఇటూ నడవడం అది. జారుతున్నట్టు అనిపించినప్పుడల్లా మడమ పైకి లేచి ఉందేమో చూసుకోమన్నాను. మడమ కిందికి దించితే బూటు అడుగు రబ్బరు మరింత మేర రాతిని తాకుతుంది, పట్టు దొరుకుతుంది. ఇంకా కుదరకపోతే దిగులు వద్దు. ఈ పాఠం చదువుతూనే దాన్ని కొనసాగించండి.

ఈ పాఠం మాత్రం పాదాల గురించి కాదు. ఎక్కే గోడలుండే జిమ్‌లో చివరి పట్టును తాకితే పని అయిపోయినట్టే. తాడు అప్పటికే పైన వేసి ఉంటుంది. ఎవరు వేశారో, ఎప్పుడు పరీక్షించారో మనం అడగము. ఒక్క మాట అంటే కిందికి దించుతారు. రాతి మీద పైకి చేరడం సగం పనే. అందరికంటే చివర ఎక్కినవారు తాడును పైన శాశ్వతంగా బిగించి ఉన్న రింగుల్లోంచి దూర్చి, అక్కడి బోల్టులకు వేలాడుతున్న క్విక్‌డ్రాలను (పట్టీతో కలిపిన రెండు కొక్కేలు; అంతదాకా తాడు నడిచేది వీటి మీదుగానే) తీసుకుని, అప్పుడు దిగాలి. ఆ రింగులకు తెరుచుకునే నోరు ఉండదు. అందువల్ల ఏదో ఒక క్షణాన నడుముకు కట్టుకున్న ముడిని విప్పక తప్పదు. పాతిక మీటర్ల ఎత్తున మీ ప్రాణం ఆధారపడిన ముడిని మీ చేతులతో మీరే విప్పడం, జిమ్‌లో ఎన్నేళ్లు ఎక్కినా మీకు ఎదురుకాని పని.

1964లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ ఒక నడవ గోడలో రాతి ముక్కలు పొదిగి ఎక్కే గోడ తయారు చేశారు. రాతి మీది కదలికలు ఆ విధంగా ఇంటి కప్పు కిందికి వచ్చాయి. పైన చేయవలసిన పని మాత్రం వాటితో పాటు రాలేదు. జిమ్‌లో చక్కగా ఎక్కేవారు సైతం యాంకర్ (పైన ఉన్న ఆ బోల్టులు, రింగుల ఏర్పాటు) దగ్గర తడబడటానికి కారణం ఇదే. చేతుల్లో సత్తువ చాలక కాదు, ఆ పని ఎన్నడూ చేయక.

ముందే ఒక మాట. ఈ పాఠాన్ని తాడు చేతిలో పెట్టుకుని చదవండి. నేల మీద ఎన్నిసార్లు సాధన చేసినా, మొదటిసారి నిజమైన యాంకర్ దగ్గర ఈ పని చేసేటప్పుడు అనుభవం ఉన్నవారు మీ పక్కనే, అదే ఎత్తులో, వేరే తాడు మీద ఉండి మీ చేతులను చూస్తూ ఉండాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

నేల మీదే తేల్చుకోవలసినవి

మొదటిది తాడు పొడవు. తాడు పైకి వెళ్లి, రింగుల్లోంచి తిరిగి, కిందికి రావాలి. అంటే దారి పొడవుకు రెట్టింపు కావాలి. 60 మీటర్ల తాడుతో 30 మీటర్ల దారి కాగితం మీద సరిపోతుంది గానీ, రాతి మీద దారి వంకర తిరుగుతుంది, బిలేయర్ (ఎక్కేవారి తాడును కింద పట్టుకుని కాపాడేవారు) నిలబడే చోటు గోడకు దూరంగానో పల్లంగానో ఉంటుంది. పాత తాడైతే అరిగిన చివరలను ఎవరో కోసి ఉండవచ్చు, అప్పుడు సంచి మీద రాసి ఉన్న పొడవును నమ్మలేము. దించుతుండగా తాడు చివర, తాడును నిలిపి పట్టే బిలే పరికరంలోంచి జారిపోతే పైనున్న మనిషి నేరుగా పడిపోతాడు. ఈ ప్రమాదం కొత్తవారికే కాదు, ఏళ్ల అనుభవం ఉన్నవారికీ జరిగింది. దీనికి విరుగుడు ఒక చిన్న ముడి. బిలేయర్ వైపు ఉన్న తాడు చివరలో, పరికరంలో దూరనంత లావుగా ముడి వేయండి. దారి పది మీటర్లే ఉన్నా వేయండి. పొడవైన దారికే వేయాలనుకుంటే, కావలసిన రోజున మరిచిపోతారు.

హెల్మెట్ గురించి వాదన అవసరం లేదు. జిమ్ గోడ నుంచి రాళ్లు రాలవు, బయట రాలతాయి. కింద తాడు పట్టుకున్నవారి మీదా రాలతాయి కాబట్టి ఇద్దరూ పెట్టుకోవాలి.

ఇక మాటలు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. జిమ్‌లో బిలేయర్ మీ ముఖం చూస్తూ ఉంటాడు. రాతి మీద మీరు ఒక అంచు దాటగానే కనబడరు, గాలి వీస్తే వినబడరు కూడా. మన భాషలో పిలుపులు ఎంచుకునేటప్పుడు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. తాడు బిగువుగా ఉంటే సడలించమని చెప్పడానికి మనకు సహజంగా నోటికి వచ్చే మాట ‘వదులు’. ఆ మాటకు పూర్తిగా విడిచిపెట్టమనే అర్థం కూడా ఉంది. 25 మీటర్ల పైనుంచి ఆ ఒక్క మాట వినిపిస్తే కింద ఉన్నవారు ఏమనుకోవాలి? అందుకే నేను దాన్ని నిషేధించాను, ‘తాడు ఇవ్వు’ అనే అంటాను. అలాగే ‘దించు’, ‘ఉంచు’ అనే మాటలు దగ్గర్లో స్పష్టంగా వేరుగా వినిపిస్తాయి. దూరం నుంచి రెండింటిలోనూ చివరి ‘ంచు’ మోతే చెవిన పడుతుంది. ‘ఉంచు’ బదులు ‘బిగించి పట్టు’ అనండి. ప్రతి పిలుపుకూ ముందు అవతలివారి పేరు చేర్చండి. పక్క దారిలో ఎక్కుతున్నవారి కేక విని మీ బిలేయర్ మిమ్మల్ని దించడం మొదలుపెట్టకూడదు కదా.

అన్నిటికంటే ముఖ్యమైన ఒప్పందం ఇది: పైన ఉన్నవారు ఎలా దిగబోతున్నారు? బిలేయర్ దించుతారా, లేక వారే తాడు మీద తమ వేగాన్ని తామే అదుపు చేసుకుంటూ, అంటే రాపెల్ చేస్తూ, దిగుతారా? కొన్ని చోట్ల రింగుల అరుగుదల తగ్గాలని రాపెల్ చేయమనే కోరతారు. అది వేరే పాఠం. ఈ పాఠమంతా బిలేయర్ దించే పద్ధతికే సంబంధించింది. కాబట్టి ఎక్కే ముందే బిలేయర్‌తో ఈ మాట అనిపించుకోండి: ‘నువ్వు నేల మీద కాలు పెట్టేదాకా తాడును పరికరంలోంచి తీయను.’

నేను ఈ ఒప్పందం చేసుకోకుండా ఎక్కిన రోజు ఒకటి ఉంది. పైన తాడు దూర్చడం పూర్తి చేసి ‘అయిపోయింది’ అని అరిచాను. ఇక దించవచ్చని నా భావం. కింద ఉన్న స్నేహితుడికి తన పని అయిపోయిందని అర్థమైంది, తాడు తీసేశాడు. స్లింగ్ (మనల్ని యాంకర్‌కు కలిపే బలమైన పట్టీ) ఇంకా యాంకర్‌కు తగిలించి ఉండగానే తాడు మీద బరువు వేసి చూడటం నాకు నేర్పినవారు అలవాటు చేశారు. ఆ ఒక్క అలవాటు వల్లే బతికాను. వెనక్కి వాలితే తాడు బిగియలేదు, కొంచెం కొంచెంగా కిందికి జారుతూనే ఉంది. అప్పటి చల్లదనం ఇప్పటికీ నా వేళ్లలో ఉంది.

యాంకర్ దగ్గర

పైన సాధారణంగా రెండు బోల్టులు, వాటికి రింగులు లేదా గొలుసులు ఉంటాయి. ముట్టుకునే ముందు చూడండి. బోల్టుకు బిగించిన పలక చేత్తో కదిలిస్తే తిరుగుతోందా? తుప్పు పైపైనే ఉందా, లోహాన్ని తినేసిందా? రింగు లోపలి అంచున తాడు కోసిన గాడి ఎంత లోతుగా ఉంది? బోల్టు చుట్టూ రాతిని వేళ్ల కణుపులతో తడితే డొల్ల శబ్దం వస్తోందా? అనుమానం వస్తే మీ సామాను అక్కడే వదిలి, దాని మీదుగానే దిగండి. ఒక క్విక్‌డ్రా పోతే పోయింది.

ఇప్పుడు పని. హార్నెస్‌కు (నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీల కట్టు) ముందే కట్టుకున్న స్లింగ్‌ను లాక్ ఉన్న కారబైనర్‌తో (తెరిచి మూయగల లోహపు కొక్కెం) యాంకర్‌కు తగిలించి, లాక్ తిప్పి, దాని మీద బరువు వేయండి. మీరు ఇంకా తాడుకు కట్టే ఉన్నారు, బిలే ఇంకా కొనసాగుతోంది. ‘తాడు ఇవ్వు’ అని అడగండి. మీ నడుము ముడికీ క్విక్‌డ్రాలకూ మధ్య ఉన్న తాడును మీటరున్నర మేర లాగి, మడత చేసి, ఆ మడతను రెండు రింగుల్లోంచి దూర్చండి. దూరిన మడతకు 8 ఆకారపు ముడి వేసి, లాక్ ఉన్న మరో కారబైనర్‌తో హార్నెస్ ముందున్న బలమైన పట్టీ ఉంగరానికి, అంటే బిలే లూప్‌కు తగిలించి, లాక్ తిప్పండి. ఇప్పుడు మిమ్మల్ని తాడుతో కలిపే ముడులు రెండు ఉన్నాయి. ఇది చూసుకున్నాకే, కారబైనర్ లాక్‌ను వేలితో నొక్కి చూశాకే, పాత ముడిని విప్పండి. విప్పిన కొసను రింగుల్లోంచి వెనక్కి లాగేయండి.

ఈ పద్ధతి మడత పట్టేంత పెద్ద రింగులకే పనికొస్తుంది. అయినా దీన్నే ముందు నేర్పడానికి కారణం ఉంది. మొదటి నుంచి చివరి దాకా ఏ క్షణంలోనూ మీరు తాడు నుంచి విడిపోరు. తాడు చేజారి కింద పడిపోయే అవకాశం కూడా లేదు. ‘బిలే తీసెయ్’ అనే మాట అనవలసిన అవసరమే రాదు.

తరువాత క్విక్‌డ్రాలను విప్పి హార్నెస్‌కు తగిలించుకోండి. పేరుతో పిలిచి ‘బిగించి పట్టు’ అనండి. తాడు బిగిశాక స్లింగ్‌ను తీయకుండానే యాంకర్ వైపు కాస్త పైకి లేచి, బరువంతా తాడు మీద వేయండి. స్లింగ్ వదులుగా వేలాడుతూ, తాడు మిమ్మల్ని పట్టుకుని ఉండాలి. కళ్లతో తాడు దారిని వెంబడించండి: నా ముడి, రెండు రింగులు, కిందికి వెళ్లే తాడు. మూడూ కనిపించాకే స్లింగ్ తీయండి. ‘దించు’ అనడం ఆ తరువాతే.

స్లింగ్ గురించి ఒక హెచ్చరిక. తాడు సాగుతుంది, పడినప్పటి దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. డైనీమా అనే బలమైన కృత్రిమ నారతో చేసిన సన్నని స్లింగ్ దాదాపు సాగదు. పడిన దూరాన్ని, ఆ పడటాన్ని ఆపే తాడు లేదా స్లింగ్ పొడవుతో భాగిస్తే వచ్చేది పతన గుణకం. ఇలాంటి ఎక్కడంలో అది 2 దాటదు. స్లింగ్ యాంకర్‌కు తగిలించి ఉండగా మీరు యాంకర్ కంటే పైకి ఎక్కి పడితే ఆ గరిష్ఠానికి చేరువవుతారు, అదీ సాగని పదార్థం మీద. మీటరు లోపు పడినా ఎముకలు, స్లింగ్ భరించలేనంత దెబ్బ తగలవచ్చు. కాబట్టి స్లింగ్ ఎప్పుడూ బిగువుగా ఉండాలి, మీరు ఎప్పుడూ యాంకర్ కిందే ఉండాలి. తాడును స్లింగ్ మీదుగా నేరుగా ఎన్నడూ నడపకూడదు. డైనీమా సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, తాడు రాపిడికి ఆ వేడి పుట్టడానికి ఎంతో సేపు పట్టదు.

ఇంకొకటి. మీ బృందంలో నలుగురు వరుసగా ఎక్కుతుంటే అందరి తాడునూ రింగుల మీద నడపకండి, మీ సొంత కారబైనర్ల మీద నడపండి. తాడులో చేరిన ఇసుక ఉక్కును ఆకురాయిలా అరగదీస్తుంది. చాలా చోట్ల ఆ రింగులను మార్చేది సొంత డబ్బు, సెలవు రోజులు వెచ్చించే స్వచ్ఛంద కార్యకర్తలే. చివరివారు ఒక్కరు రింగుల మీదుగా దిగితే చాలు.

ఈ వారం అభ్యాసం

గట్టి కడ్డీకి రొమ్ము ఎత్తులో రెండు రింగులు వేలాడదీసి, వాటి పక్కనే క్విక్‌డ్రాలు పెట్టండి. హార్నెస్ వేసుకుని, నేల మీదే నిలబడి, పై క్రమమంతా చేయండి. మొదటి పదిసార్లు ప్రతి పనినీ పైకి చెబుతూ చేయండి. తరువాత ఒక స్నేహితుడిని పక్కన పెట్టుకుని, ఏదైనా అడుగుతూ మీ దృష్టి మళ్లించమనండి. మధ్యలో ‘ఆగు’ అనమనండి. ఆగిన ప్రతిసారీ మీరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: ‘ఈ క్షణాన నన్ను పట్టుకుని ఉన్నవి ఏవేవి?’ రెండింటిని వేలితో చూపించగలగాలి. ఒక్కటే చూపించగలిగితే క్రమం ఎక్కడో తప్పింది, మళ్లీ మొదటి నుంచి. చివర్లో స్లింగ్ తీసి తాడు ఒక్కదాని మీదే ఉండే ఘడియ ఒక్కటే దీనికి మినహాయింపు. అప్పటికి తాడు మిమ్మల్ని మోస్తుందని బరువు వేసి రుజువు చేసుకుని ఉంటారు.

వరుసగా ఇరవై సార్లు తప్పు లేకుండా వచ్చాక, అనుభవజ్ఞులతో కలిసి పది మీటర్ల లోపు తేలికైన దారిని ఎంచుకోండి. ఎక్కడానికి మీకు ఏ మాత్రం కష్టం కాని దారి కావాలి. చేతులు అలసిపోకుండా పైకి చేరితేనే ఈ పని మీద మనసు నిలుస్తుంది. వచ్చే పాఠం రాపెల్ గురించి. దానికి కూడా ఇదే కడ్డీ, ఇవే రింగులు కావాలి కాబట్టి విప్పకుండా ఉంచండి.