మోటారు బోటులో మోత తగ్గించాలంటే: ఫోమ్ కొనే ముందు చూడాల్సినవి

ఇంజను మోత భరించలేక చాలామంది మొదట చేసే పని ఫోమ్ షీట్లు కొనుక్కొచ్చి ఇంజను గది గోడలకు అంటించడం. డబ్బు అయిపోతుంది, మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. అది వస్తున్నది గోడల్లోంచి కాదు మరి. మూత పక్కన వేలెడు సందులోంచో, ఇంజను కూర్చునే రబ్బరు మౌంట్లు గట్టిపడిపోతే వాటి మీదుగానో, ఎగ్జాస్ట్ గొట్టం చివరి నుంచో వస్తోంది. ఏ దారిన వస్తోందో ముందు పట్టుకోవాలి. ఇక్కడ చెప్పేదంతా బోటు లోపల బిగించిన డీజిల్ ఇంజను, పొగలోకి నీళ్లు కలిపి చల్లబరిచే ఎగ్జాస్ట్ ఉన్న బోట్ల గురించి.

మోతను కొలిచే డెసిబెల్లది మామూలు కూడిక కాదు. ఇంజను గది నుంచి 80, ఎగ్జాస్ట్ నుంచి 80 వస్తుంటే మొత్తం 83 అవుతుంది. అందులో ఒకదాని నోరు పూర్తిగా మూయించినా తగ్గేది 3 డెసిబెల్లే, చెవికి తేడా తెలిసీ తెలియనట్టుంటుంది. సగం తగ్గినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్లు తగ్గాలి. అందుకే పెద్ద గొంతున్నదాన్ని ముందు పట్టుకోవాలి. చిన్నవాటి మీద ఎంత పని చేసినా పెద్దది వాటిని కప్పేస్తుంది.

కొలత

ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ చాలు. అంకె కచ్చితంగా లేకపోయినా పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఫోన్ ప్రతిసారీ అదే చోట అదే ఎత్తులో ఉంటే చాలు. బోటును గట్టుకు కట్టేసి, న్యూట్రల్‌లో ఇంజనును మీరు మామూలుగా నడిపే ఆర్‌పీఎంకు తెచ్చి స్టీరింగ్ దగ్గర, కేబిన్‌లో, వెనక ఎగ్జాస్ట్ దగ్గర రాసుకోండి. తర్వాత నీళ్లలో నడుపుతూ అదే ఆర్‌పీఎంలో మళ్లీ రాసుకోండి. గేరు పడ్డాక మోత బాగా పెరిగితే ప్రొపెల్లర్, దాన్ని తిప్పే షాఫ్ట్, అలైన్‌మెంట్ (ఇంజను, షాఫ్ట్ ఒకే వరసలో ఉన్నాయా అన్నది) వైపు చూడాలి. లోడు పడితే ఇంజను, ఎగ్జాస్ట్ కూడా కొంత పెరుగుతాయని గుర్తుంచుకోండి.

శబ్దాన్ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టి చూపే యాప్ ఉంటే ఇంకా మంచిది. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది కాబట్టి 2400 ఆర్‌పీఎం దగ్గర 80 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 80 సార్లు దగ్గర, పెద్ద గీత కనిపిస్తుంది. 2:1 గేర్‌బాక్స్ ఉంటే షాఫ్ట్ 1200 ఆర్‌పీఎం, అంటే 20 హెర్ట్జ్, మూడు రెక్కల ప్రొపెల్లర్ 60 హెర్ట్జ్. ఏ గీత ఎత్తుగా ఉందో చూస్తే దొంగ ఎవరో తెలిసిపోతుంది. ఒక తిరకాసు ఉంది: మూడు సిలిండర్ల ఇంజను కూడా 2400 దగ్గర సరిగ్గా 60 హెర్ట్జ్‌లోనే మోగుతుంది. అప్పుడు న్యూట్రల్‌లోకి తెచ్చి చూడండి. గీత పోతే ప్రొపెల్లర్‌ది.

సందులు, తర్వాత షీట్లు

గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే చాలు, ఆ గోడ ఎంత బరువైనదైనా 20 డెసిబెల్లకు మించి ఆపలేదు. చీకట్లో ఇంజను గదిలో లైటు వేసి మూతలు మూసి బయటి నుంచి చూడండి. వెలుగు వచ్చే ప్రతిచోటా శబ్దమూ వస్తుంది. మూతల అంచులకు మెత్తటి బోలు రబ్బరు గ్యాస్కెట్ వేసి, మూతను కిందికి లాగి పట్టే లాచ్‌లు బిగించండి. ఊరికే బరువు మీద కూర్చునే మూత కింద గ్యాస్కెట్ నలగదు, నలగకపోతే పనిచేయదు. వైర్లు, గొట్టాలు గోడ దాటే రంధ్రాలనూ మూసేయాలి.

అలాగని ఇంజనుకు ఊపిరాడకుండా చేయకూడదు. టర్బో లేని 2 లీటర్ల ఇంజను 3000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి దాదాపు 3000 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలిని లోపల ఫోమ్ పరిచిన, ఒకటి రెండు మలుపులున్న వాహిక గుండా ఇవ్వండి. గాలి మలుపు తిరిగి వస్తుంది, శబ్దం చాలావరకు ఫోమ్‌లోనే చస్తుంది. పని అయ్యాక ఫుల్ లోడులో నడుపుతూ మూత కొద్దిగా ఎత్తించి చూడండి. ఆర్‌పీఎం పెరిగినా, పొగ తగ్గినా గాలి చాలడం లేదన్నమాట. పెట్రోలు ఇంజనైతే సహజంగా గాలి ఆడే దారులను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. స్టార్ట్ చేసే ముందు ఇంజను గది గాలిని బయటకు తోసే బ్లోయర్ కనీసం 4 నిమిషాలు నడవాలి. అక్కడ పేరుకునే పెట్రోలు ఆవిరి పేలుతుంది.

షీట్ల విషయానికొస్తే, ఒట్టి ఫోమ్ శబ్దాన్ని ఆపదు, లోపల ప్రతిధ్వనిని పీల్చుకుంటుందంతే. 80 హెర్ట్జ్ అల పొడవు 4 మీటర్ల పైనే, 25 మి.మీ. ఫోమ్ దానికి లెక్కే కాదు. ఆపేది బరువు. కాబట్టి పొరలుగా ఉన్న షీట్ తీసుకోండి: గోడవైపు 6 నుంచి 12 మి.మీ. ఫోమ్, మధ్యలో చదరపు మీటరుకు 5 కిలోలో అంతకన్నా ఎక్కువో బరువుండే వినైల్, ఇంజనువైపు 25 మి.మీ. ఫోమ్, దాని మీద అల్యూమినియం పూత. నిప్పు అంటుకోని రకమని రాసి ఉండాలి. పూత చిరిగితే ఫోమ్ నూనె పీల్చుకుని వత్తిలా తయారవుతుంది, అందుకే కోసిన ప్రతి అంచునూ అల్యూమినియం టేపుతో మూయండి. జిగురొక్కటే నమ్ముకోవద్దు. వేడికి అది వదిలేస్తే పైనున్న షీట్ తిన్నగా బెల్టు మీద పడుతుంది. పెద్ద వాషర్లు వేసి స్క్రూలు బిగించండి, వినైల్ మరీ నలిగేంత గట్టిగా మాత్రం వద్దు. అడుగున నీళ్లు నిలిచే చోటికి షీట్ దించకండి.

మౌంట్లు, అలైన్‌మెంట్

కేబిన్ నేల, కప్పులు, తలుపులు గడగడలాడుతుంటే అది గాలిలో వచ్చే శబ్దం కాదు, మౌంట్ల మీదుగా పాకిన అదురు. రబ్బరు పగిలిందా, నూనె తగిలి ఉబ్బిందా, ఎదురెదురు మౌంట్ల ఎత్తులో తేడా ఉందా చూడండి. కొత్తవి ఇంజను బరువుకు, ఆర్‌పీఎంకు సరిపోయేవి కావాలి. మరీ మెత్తనివి వేస్తే ఐడిల్‌లో ఇంజను ఊగిపోయి గొట్టాలను లాగేస్తుంది. ఇంజనుకు తగిలే ప్రతి గొట్టం, కేబుల్ కొంత వదులుగా ఉండాలి. ఇంజను మీదా గోడ మీదా రెండు చోట్లా బిగించిన ఒక్క గట్టి పైపు చాలు, మౌంట్ల కష్టమంతా వృథా చేయడానికి.

మౌంట్లు మార్చాక బోటు నీళ్లలోనే రెండు మూడు రోజులుండాలి, రబ్బరు సర్దుకుంటుంది. ఆ తర్వాతే అలైన్‌మెంట్. ఇంజనునూ షాఫ్ట్‌నూ కలిపే కప్లింగ్ బోల్టులు విప్పి, షాఫ్ట్ తన బరువుకు కిందికి వాలకుండా ఆసరా ఇచ్చి, రెండు ముఖాలు ఆనించి పైన, కింద, కుడి, ఎడమ ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) పెట్టండి. 100 మి.మీ. కప్లింగ్‌కు తేడా 0.1 మి.మీ. దాటకూడదు. షాఫ్ట్‌ను అరచుట్టు తిప్పి మళ్లీ కొలవండి. వెడల్పు సందు కూడా దాంతో తిరిగితే వంకర షాఫ్ట్‌లోనో దాని చివరి కప్లింగ్ బిళ్లలోనో ఉంది, ఇంజనును ఎంత జరిపినా లాభం లేదు. సరిచేసేటప్పుడు తొందరొద్దు: ఒక్కో చుట్టుకు 2 మి.మీ. జరిగే మౌంట్ నట్టును ఆరో వంతు చుట్టు తిప్పితే ఆ మూల మూడో వంతు మి.మీ. కదులుతుంది.

ప్రొపెల్లర్ రెక్క చివరకూ బోటు అడుగుకూ మధ్య ప్రొపెల్లర్ వ్యాసంలో కనీసం పదో వంతు ఖాళీ ఉండాలి. లేకపోతే ప్రతి రెక్కా అడుగును సుత్తితో కొట్టినట్టు కొడుతుంది.

ఎగ్జాస్ట్

ఇంజను పొగ బయటికొచ్చే వంపు గొట్టమైన ఎల్బోలో కలిసే నీళ్లు పొగను చల్లార్చి, ఘనపరిమాణం తగ్గించి, సగం సైలెన్సర్ పని అక్కడే చేసేస్తాయి. మిగతాది వాటర్‌లిఫ్ట్ సైలెన్సర్‌ది, అంటే నీళ్లు చేరి పొగ ఒత్తిడితో పైకి పోయే డబ్బాది. ఎల్బో తర్వాతి దారిలో అన్నిటికన్నా కిందుండాల్సింది ఇదే. ఇంజను ఆపాక పైకెక్కే గొట్టంలోని నీళ్లన్నీ దీనిలోకే జారతాయి. 50 మి.మీ. గొట్టంలో మీటరుకు దాదాపు 2 లీటర్లు పడుతుంది, 3 మీటర్లకు 6 లీటర్లు. లోపల ఎప్పుడూ మిగిలి ఉండే నీళ్లతో పాటు ఈ 6 లీటర్లూ పట్టకపోతే నీళ్లు వెనక్కి, ఇంజనులోకి పోతాయి. ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టినా స్టార్ట్ కాకపోతే ఇదే ప్రమాదం. పంపు నీళ్లు నింపుతూనే ఉంటుంది, వాటిని బయటకు తోసే పొగ ఉండదు. అప్పుడు బయటి నీటి వాల్వు మూసి, సైలెన్సర్ అడుగు ప్లగ్ విప్పి నీళ్లు తీసేయండి. ఇంజను అందుకున్న వెంటనే వాల్వు తెరవడం మరిచిపోవద్దు.

నీళ్లు కలిసే చోటు బయటి నీటి మట్టానికి 15 సెం.మీ. కన్నా తక్కువ ఎత్తులో ఉంటే బయటి నీళ్లు తమంతట తామే లోపలికి లాక్కురాకుండా ఆపే యాంటీ సైఫన్ వాల్వు తప్పనిసరి. సైలెన్సర్ దాటాక గొట్టం పైకెక్కి వంపు తిరిగి, అక్కడి నుంచి బయటి దాకా మీటరుకు 40 మి.మీ. వాలుతో దిగాలి. మధ్యలో ఎక్కడా వేలాడకూడదు. ప్రతి చివరా రెండేసి స్టెయిన్‌లెస్ క్లిప్పులు.

సైలెన్సర్లు పెంచుకుంటూ పోతే పొగకు ఎదురయ్యే వెనక ఒత్తిడి పెరుగుతుంది, ఇంజను నల్లపొగ వదిలి వేడెక్కుతుంది. ఎంతవరకు ఓర్చుకుంటుందో ఇంజను మాన్యువల్‌లో ఉంటుంది, టర్బో ఇంజన్లకు సాధారణంగా తక్కువ. ఆ ఒత్తిడి కొలవడానికి, ఎల్బోలో నీళ్లు కలవక ముందున్న ప్లగ్ విప్పి, చిన్న లోహపు గొట్టం బిగించి, దాని చివర పారదర్శక గొట్టాన్ని యు ఆకారంలో కట్టి నీళ్లు పోయండి. ఫుల్ లోడులో రెండు మట్టాల మధ్య 102 మి.మీ. తేడా అంటే 1 కిలోపాస్కల్. కొత్త సైలెన్సర్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి కొలవండి. వేయకముందే ఎక్కువగా ఉంటే ఎల్బో విప్పండి. మసి, ఉప్పు పేరుకుని దారి సగానికి మూసుకుపోయి ఉండొచ్చు.

వెనక డబడబమని వినిపించే చప్పుడుకు మందు గ్యాస్, నీళ్లు విడగొట్టే సెపరేటర్. దాన్ని నీటి మట్టానికి పైన బిగిస్తారు. నీళ్లు లావుపాటి గొట్టంలో తిన్నగా కిందికి దిగి నీటి మట్టం అడుగున బయటకు పోతాయి, పొగ వేరే దారిన నీటికి పైన పోతుంది. నీళ్ల గొట్టం సన్నగా ఉన్నా, అడ్డంగా పాకినా నీళ్లు సెపరేటర్‌లోనే నిలిచిపోయి మళ్లీ పొగతో కలుస్తాయి.

దీనితో ఒక చిక్కు ఉంది. చల్లబరిచే నీళ్లు వస్తున్నాయని అందరూ చెవితో పట్టేది ఆ డబడబ వల్లే. అది పోయాక పంపులో తిరిగే రెక్కల చక్రం (ఇంపెల్లర్) పాడైనా వెంటనే తెలియదు, ఎగ్జాస్ట్ రబ్బరు గొట్టం కాలిపోయేదాకా కూడా తెలియకపోవచ్చు. అందుకే సెపరేటర్ పెట్టిన రోజే నీళ్లు కలిసే చోటు దాటాక గొట్టం మీద వేడి అలారం, కేబిన్‌లో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా బిగించండి.