పాత రూపు, కొత్త బండి – 4వ పాఠం: ఘాట్ ఎక్కించి చూద్దాం

పాత రూపుతో వచ్చే కొత్త బండి, అంటే రెట్రో బండి, కొనేముందు తాళం తిప్పకముందే చూసుకోవలసినవి పోయిన పాఠంలో చూసుకున్నాం. బండిని స్టాండు మీంచి దించి పది అడుగులు తోయడం, సీటు మీద కూర్చుని పాదాలు ఎంతవరకు ఆనుతున్నాయో చూడటం, హేండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పడం. అది చదివి సిమిలిగుడ తమ్ముడొకరు అడిగారు: "క్లాసిక్ 350 మీద కూర్చుంటే నాకు మునివేళ్ళే నేలకి తగులుతున్నాయి, పర్వాలేదా అన్నా?"

చదును నేల మీద పర్వాలేదు తమ్ముడూ. ఆ రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి సీటు 805 మిల్లీమీటర్ల ఎత్తు, బరువు 195 కిలోలు. మనం ఉండేది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, ఇక్కడ చదును దొరకడమే కష్టం. ఒకవైపు వాలుగా ఉన్న చోట, పల్లపు వైపు కాలు దించి ఆపి చూడండి. కాలికి నేల అందేలోపు బండి ఒరిగిపోతోందంటే ఎంత నచ్చినా ఆ బండి వద్దు. సీటు ఎత్తు దానికన్నా కాస్త తక్కువ ఉండే ట్రయంఫ్ స్పీడ్ 400 ఉంది. దాని మీదా ఇదే పరీక్ష చేయండి.

ఇక ఈ పాఠం. షోరూం వాళ్ళు ఇచ్చే కిలోమీటరు, రెండు కిలోమీటర్ల టెస్ట్ రైడ్‌లో ఏ బండైనా బాగానే ఉంటుంది. నా మొదటి రెట్రో బండి అలాగే కొన్నాను. ట్యాంకు మీద గీతలు, గుండ్రటి లైటు, కుదురుగా వచ్చే శబ్దం చూసి మనసు పారేసుకున్నాను. బజారులో రెండు చుట్లు తిప్పి డబ్బు కట్టేశాను. నెల తిరక్కుండా అమ్మని వెనక కూర్చోబెట్టుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు బయల్దేరాను. నాలుగో గేరులోనే దిగుతున్నాను, మలుపు వస్తే వెనక బ్రేకు తొక్కుతున్నాను. సగం దిగేసరికి కాలిన వాసన, ఆ వెంటనే పెడల్ మెత్తబడి కిందికి పోయింది. ముందు బ్రేకుతో, గేర్లు తగ్గించుకుంటూ పక్కకి తీసి ఆపాను. రాయి మీద కూర్చున్న అమ్మ చేతులు వణకడం నాకింకా గుర్తే. ఈ పాఠం ఆ రోజు కోసం రాస్తున్నదే.

బండి చూడటానికి 1950ల నాటిదిలా ఉంటుంది గనక, నడిపే తీరూ అదే అనుకుంటాం. కాదు. మా మావయ్య బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. స్టార్ట్ చెయ్యాలంటే కరెంటు చూపించే అమ్మీటరు ముల్లు చూస్తూ కిక్కు మెల్లగా నొక్కాలి. ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ మీట పట్టుకుని పిస్టన్‌ని ఇంకొంచెం దాటించి, మీట వదిలి, అప్పుడు ఒక్క తన్ను. కుదరకపోతే కిక్కు ఎదురు తన్నేది. ఇప్పటి క్లాసిక్‌కి కిక్కు రాడ్డే లేదు. కార్బురేటర్ బదులు పెట్రోలుని కొలిచి చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్, గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, ఎడమ కాలికి గేరు. పాత బుల్లెట్ ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు కొత్తదాని మీద కంగారులో ఎడమ కాలితో బ్రేకు అనుకుని గేరు తొక్కేస్తారు. అలాంటివాళ్ళు ఘాట్‌కి ముందు ఖాళీ మైదానంలో ఒక గంట తిప్పుకోవాలి.

ఇప్పుడు ఎక్కడం. కాగితం మీద హార్స్‌పవర్ చూసి బండి కొనకండి. ఘాట్‌లో మనకి కావలసింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. అది ఎంత ఉందన్నదాని కంటే ఇంజిన్ ఎంత తిరిగితే వస్తుందన్నది ముఖ్యం. క్లాసిక్ 350లో పిస్టన్ 72 మిల్లీమీటర్ల వెడల్పు, పైకీ కిందికీ తిరిగే దూరం 85.8. పొడవు ఎక్కువ గనక తాపీగా తిరుగుతూనే బలం ఇస్తుంది: 4000 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర 27 న్యూటన్ మీటర్లు. హోండా సీబీ 350కి 3000 దగ్గరే సుమారు 30. స్పీడ్ 400 ఇంజిన్ దీనికి తిరగబడ్డ కొలత: వెడల్పు 89, పొడవు 64. దానికి 37.5 ఉంది, కానీ పూర్తిగా రావాలంటే 6500 దాకా తిప్పాలి. చూడటానికి మూడూ పాతకాలపు అన్నదమ్ముల్లా ఉంటాయి, సుంకి మలుపులో మూడూ మూడు రకాలు.

దీన్ని మీ ఒంటితో తెలుసుకోవడానికి ఒక కసరత్తు. సాలూరు వైపు నుంచి ఎక్కేటప్పుడు, ముందూ వెనకా లారీ లేని చోట, మూడో గేరులో మలుపులోకి రండి. రాయపూర్ నుంచి విశాఖ పోర్టుకి పోయే లారీలు ఈ రోడ్డు మీద ఎక్కువ, అందుకే ఉదయం ఆరింటికి వెళ్ళమంటాను. మలుపులో యాక్సిలరేటర్ వదిలేయండి, వేగం ముప్పైకి పడనివ్వండి, గేరు మార్చకుండా మెల్లగా ఇవ్వండి. పొడవు పిస్టన్ బండి ఒకసారి బరువుగా ఊపిరి పీల్చుకుని లాగేస్తుంది. తిరిగే రకం ఇంజిన్ ముందు ఊరుకుంటుంది, రెండో గేరు అడుగుతుంది. రెండో గేరు వేశాక ఒక్కసారిగా దూకుతుంది. ఏది మంచిదన్నది కాదు ప్రశ్న. మీరు రోజూ వెనక మనిషితో, బియ్యం బస్తాతో వెళ్తారా, లేక ఒంటరిగా మలుపుల కోసమే వెళ్తారా? ఇంజిన్ టకటకమని లోపల కొట్టుకుంటే మాత్రం ఏ బండైనా వెంటనే గేరు తగ్గించండి. అది ఇంజిన్ నొప్పి. క్లాసిక్‌కి ఆర్పీఎం మీటరు ఉండదు గనక చెవే మీటరు.

ఎత్తు గురించి ఒక మాట. వెయ్యి మీటర్లు ఎక్కితే ఇంజిన్ బలం సుమారు పదో వంతు తగ్గుతుంది. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తైన కొండ లేదు. మావయ్య కార్బురేటర్ బండి అక్కడ పెట్రోలు వాసన కొడుతూ ఎక్కేది. గాలి పలచనైనా పెట్రోలు అంతే పోసేది మరి. ఇంజెక్షన్ బండి గాలిని కొలుచుకుని పెట్రోలు తగ్గించుకుంటుంది. బలం తగ్గినా గొంతు పట్టదు.

పైకి చేరాక పొట్టంగి దాటి సిమిలిగుడ వైపు తిన్నటి రోడ్డు వస్తుంది. అక్కడ అద్దం పరీక్ష. అరవైలో వెళ్తూ అద్దంలో వెనక వచ్చే లారీ నంబరు ప్లేటు మీద ఒక్క చూపు వేయండి. అంకెలు చదవగలుగుతున్నారా? ఎనభైలో మళ్ళీ చూడండి. అంకెలు అలుక్కుపోతే ఆ వేగం ఆ బండికి ఇష్టం లేదన్నమాట. మీ అరచేతులకీ మడమలకీ అదే వణుకు గంటసేపు అందుతుంది. 2021లో వచ్చిన క్లాసిక్ ఇంజిన్‌లో వణుకు చంపడానికి బాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. తేడా నాకు మొదట తెలిసింది అద్దంలోనే.

దిగడం ఇంకా ముఖ్యం. సూత్రం పాతదే, మావయ్య చెప్పిందే: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. మలుపుకి ముందే రెండో గేరులోకి వచ్చేయండి, మలుపులో క్లచ్ నొక్కొద్దు. ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద భారం బాగా తగ్గుతుంది. సీబీ 350కీ స్పీడ్ 400కీ స్లిప్పర్ క్లచ్ ఉంది. తొందరలో గేరు తగ్గించినా వెనక చక్రం బిగుసుకుని జారకుండా అది కాస్తుంది. స్లిప్పర్ క్లచ్ లేని క్లాసిక్‌లో ఆ పని మీ చెయ్యి చేయాలి: క్లచ్ వదిలేముందు యాక్సిలరేటర్ చిటికెడు ఇచ్చి, ఆపైన మెల్లగా వదలండి. బ్రేకు ఎప్పుడూ ముందుదే ప్రధానం, వెనకది తోడు. లివర్‌ని గుప్పిటతో లాక్కోవద్దు, రెండు వేళ్ళతో నిమ్మకాయ పిండినట్టు పిండండి. ఏబీఎస్ ఎలా ఉంటుందో తెలియాలంటే, అది రెండు చక్రాలకీ ఉన్న బండి మీదే, ఘాట్‌లో కాదు, ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద ముప్పై వేగంలో వెనక బ్రేకు గట్టిగా తొక్కండి. పెడల్ కింద గబగబా కొట్టుకున్నట్టు వస్తుంది. భయపడి కాలు తీసెయ్యకూడదు, అలాగే నొక్కి ఉంచాలి.

టైర్ల సంగతి క్లుప్తంగా. పుల్లల చక్రం అందంగా ఉంటుంది, కానీ లోపల ట్యూబు ఉంటే పంక్చరు పడ్డప్పుడు చక్రం విప్పాల్సిందే. సుంకి మధ్యలో ఆ పని ఒంటరిగా కాదు. అల్లాయ్ చక్రాలతో ట్యూబ్‌లెస్ రకం దొరికితే నేను అదే తీసుకోమంటాను. లైటు కూడా చూసుకోండి. 2024 మార్పులకి ముందు వచ్చిన క్లాసిక్‌లకి హాలోజెన్ లైటే. చలికాలం పొట్టంగి మంచులో దాన్ని ఒకసారి వెలిగించి చూశాకే కొనండి. మంచులో పై లైటు (హై బీమ్) వేస్తే తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు, కింది లైటే (లో బీమ్) వాడాలి.

షోరూం వాళ్ళు ఘాట్‌కి బండి ఇవ్వరు కదా అంటారా? నిజమే, ఇవ్వరు. అదే మోడల్ ఉన్న చుట్టమో స్నేహితుడో జయపురంలోనో సునాబెడలోనో తప్పకుండా దొరుకుతాడు. ట్యాంకు నింపి ఇస్తానని అడగండి. ఆయన్నే వెనక కూర్చోబెట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. ఆయన బండి ఆయన కళ్ళ ముందే ఉంటుంది, మీకు వెనక బరువుతో పరీక్షా అవుతుంది.

వచ్చే పాఠానికి మీ పని: ఒక చిన్న నోట్‌బుక్‌లో ఎక్కేటప్పుడు ఏ మలుపులో ఏ గేరు అడిగిందో, అద్దం ఏ వేగంలో అలుక్కుపోయిందో, దిగాక వెనక డిస్క్ దగ్గర అరచెయ్యి పెడితే ఎంత సెగ తగిలిందో రాసుకోండి. డిస్క్‌ని ముట్టుకోవద్దు, జానెడు దూరం నుంచే తెలుస్తుంది. అయిదో పాఠంలో ఆ నోట్‌బుక్ పక్కన పెట్టుకుని సర్వీసు లెక్కలు చూద్దాం.