టూర్ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు: అరవై దాటిన రాక్ గాయకులకు కొన్ని జాగ్రత్తలు

2023 సెప్టెంబరులో అమెరికా రాక్ బృందం ఏరోస్మిత్ వీడ్కోలు టూర్ మొదలుపెట్టి, మూడో కచేరీ కోసం న్యూయార్క్ పక్కనున్న ఎల్మాంట్‌కు చేరేసరికే గాయకుడు స్టీవెన్ టైలర్ గొంతు దెబ్బతిన్నది. నెల రోజుల విశ్రాంతి చాలునని మొదట అనుకున్నారు గాని స్వరపేటికే చిట్లిందని తరువాత తేలింది. 2024 ఆగస్టులో, టైలర్‌కు 76 ఏళ్ల వయసున, ఇక టూర్లు చేయబోమని బృందం ప్రకటించింది. ఆ వయసులో టూర్‌కు బయలుదేరేవారు ముందుగా సరిచూసుకోవలసింది పాటల జాబితాను కాదు, తేదీల జాబితాను.

టికెట్లు అమ్ముడయ్యాక తేదీలు కదపడం మహా కష్టం కనుక, విశ్రాంతి రోజులు ఒప్పందంలోనే ఉండాలి. రెండు రాత్రులు వరుసగా పాడితే మూడో రోజు ఖాళీగా ఉంచుకోవడం మంచిది. నిర్వాహకులు ప్రయాణపు రోజును కూడా విశ్రాంతి కింద లెక్కకడతారు. అది ఒప్పుకోదగిన లెక్క కాదు. విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది, పైగా ఇంజిన్ హోరును మించి మాట్లాడవలసి రావడంతో గొంతు మరింత అలసిపోతుంది.

బయలుదేరే ముందు, గొంతు బాగున్నప్పుడే, ఈఎన్‌టీ వైద్యునితో స్ట్రోబోస్కోపీ, అంటే మిణుకు వెలుతురులో స్వరతంతువులను వీడియో తీసే పరీక్ష, చేయించుకోవాలి. సెకనుకు వందలసార్లు కంపించే స్వరతంతువులు ఆ మిణుకు వెలుతురులో నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే ముత్యపు తెలుపులో ఉంటాయి, రక్తనాళం చిట్లితే ఎర్రబారతాయి. ఆ వీడియోను వెంట ఉంచుకుంటే పరాయి ఊరి వైద్యునికి పోల్చి చూడటానికి ఆధారం దొరుకుతుంది.

ఒంటి నొప్పులకు వేసుకునే ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ మాత్రలు స్వరతంతువుల్లో రక్తస్రావపు ముప్పును పెంచుతాయి. అయితే గుండె కోసం ఆస్పిరిన్ వాడుతున్నవారు వైద్యుణ్ణి అడగకుండా దాన్ని మానరాదు. కచేరీకి గంట ముందు వేయించుకునే స్టీరాయిడ్ ఇంజెక్షన్ వాపును తగ్గిస్తుందే తప్ప గాయాన్ని మాన్పదు. పైగా గొంతు బాగైందన్న భ్రమలో గాయకుడు ఇంకా గట్టిగా పాడతాడు. పాట మధ్యలో ఉన్నట్టుండి గొంతు పోతే అక్కడితో ఆపి, పరీక్ష జరిగే వరకు పూర్తిగా మౌనం పాటించాలి. గుసగుసలు కూడా వద్దు. అర్ధరాత్రి కచేరీ ముగించి, భోంచేసి వెంటనే పడుకోవడం టూర్లలో మామూలే గాని, కడుపులోని ఆమ్లం పైకి తన్ని గొంతును మంట పెడుతుంది. భోజనానికీ నిద్రకూ మూడు గంటల ఎడం ఉండాలి.

గొంతు సంగతి చూసుకునేవారు కూడా చెవిని మరిచిపోతుంటారు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చునని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ ప్రమాణం. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతూ 100 దగ్గర పావుగంటకు దిగుతుంది. రాక్ వేదిక మీద ఆ పావుగంట రెండు మూడు పాటల్లోనే గడిచిపోతుంది. వినికిడి పూర్తిగా పోయే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరించడంతో 2016లో ఏసీ/డీసీ రాక్ బృందపు గాయకుడు బ్రయాన్ జాన్సన్ టూర్ మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది. తన గొంతు తనకు వినపడని గాయకుడు తెలియకుండానే అరుస్తాడు కనుక చెవికి తగిలిన దెబ్బ గొంతుకూ చేరుతుంది. గాయకునికి తన గొంతును వినిపించే చిన్న ఇయర్‌ఫోన్లను, అంటే ఇన్-ఇయర్ మానిటర్లను, రెండు చెవులకూ పెట్టుకోవాలి. జనం కేకలు వినాలన్న సరదాతో ఒకటి తీసేస్తే, రెండోదానిలో శబ్దం పెంచుకోక తప్పదు.

గుండె పరీక్ష గురించి వేరే చెప్పనక్కరలేదు; 2019లో రోలింగ్ స్టోన్స్ బృందపు గాయకుడు మిక్ జాగర్ అంతటివాడే కవాటం చికిత్స కోసం టూర్ వాయిదా వేసి, కోలుకున్నాకనే వేదిక ఎక్కాడు.

పేరు వల్ల వచ్చే చిక్కు ఒకటుంది. నలభై ఏళ్ల కిందటి రికార్డులోని గొంతే ఇప్పుడూ వినపడాలని శ్రోత కోరుకుంటాడు, గాయకుడూ అదే పంతానికి పోతాడు. అర స్వరమో, ఒక స్వరమో శ్రుతి తగ్గించి పాడితే చాలామంది గుర్తుపట్టరు, గుర్తుపట్టినవారూ తప్పుపట్టరు. వేసవిలో అమెరికా తెలుగు సంఘాల వేదికలపై ఊరూరా పాడే మన సినీ గాయకులకూ ఈ మాట వర్తిస్తుంది.

చివరగా, కచేరీ రద్దు చేసే అధికారం ఎవరిదో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. వైద్యుని మాటే చెల్లాలి, నిర్వాహకునిది కాదు. ఆ నిర్ణయం కచేరీకి ముందు శబ్దం సరిచూసుకునే సౌండ్ చెక్ నాటికే జరిగిపోవాలి. హాలు నిండాక వద్దనడానికి ఏ గాయకునికీ నోరు రాదు.