పోటీలో ఎదురుపడే జంటలతో స్నేహంగా ఉంటూ ప్రాక్టీస్ ఎలా చేసుకోవాలి (గోదావరి జిల్లాల బాల్‌రూమ్ వాళ్లకి)

మన రాజమండ్రి, భీమవరం, అమలాపురం వైపు బాల్‌రూమ్ (జంటగా చేసే పాశ్చాత్య డాన్సులు) పోటీలకి వెళ్లే జంటల్ని వేళ్లమీద లెక్కెట్టొచ్చండి, అందులోనూ ఒకళ్లంటే ఒకళ్లకి పడకపోతే ఇంక ప్రాక్టీస్ ఎవరితో చేస్తాం, గోడతోనా?

ముందు హాలు సంగతి. ఒక్క జంట అద్దె కట్టాలంటే తడిసి మోపెడవుద్ది, అదే మూడు జంటలు కలిస్తే కల్యాణమండపం వాళ్లతో బేరం ఆడొచ్చు. ఆషాఢం, మూఢం, ముహూర్తాల్లేని ఏ రోజులైనా సరే మండపం ఖాళీగా పడుంటది కాబట్టి మేనేజరు గారు కూడా తగ్గుతారు. గ్రానైట్ మీద స్వెడ్ సోల్ (డాన్స్ బూట్ల అడుగున ఉండే గరుకు తోలు) జారుద్ది, అందుకే ఎవరో ఒకరు వైర్ బ్రష్ తెచ్చి అందరి బూట్లూ గీకాలి. వానాకాలం ఆ బూట్లతో గుమ్మం దాటకండి, తడిస్తే సోల్ పాడైపోద్ది.

కలిసి చెయ్యడంలో అసలు లాభం ఫ్లోర్ మీద తెలుస్తుంది. వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్ అన్నీ హాలు చుట్టూ తిరుగుతూ చేసేవే, అదీ మన ప్రదక్షిణకి రివర్స్‌లో, పోటీలో ఒకేసారి బోల్డు జంటలు తిరుగుతుంటే ముందున్నోడు సడన్‌గా ఆగితే ఎటు తప్పుకోవాలో ఒంటరిగా ఎన్నేళ్లు చేసినా రాదు. కాబట్టి రెండు జంటలు డాన్స్ చెయ్యండి, మూడో జంట పాట పెట్టి టైం చూసి ఫోన్‌లో వీడియో తియ్యాలి, తర్వాత మారండి. ఐదు డాన్సులూ వరసగా, ఒక్కోటి నిమిషంన్నర చొప్పున, మధ్యలో నీళ్లు తాగేంత గ్యాప్ మాత్రమే. పాటల స్పీడ్ కూడా ముందే చూసుకోండి, వాల్ట్జ్ నిమిషానికి 28 నుంచి 30 బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు), క్విక్‌స్టెప్ 50 నుంచి 52. ఒకళ్లు కరెక్ట్‌గా లిస్ట్ చేసి గ్రూపులో పెడితే అందరికీ పని తప్పుద్ది.

"మా స్టెప్పులు చూసేస్తారేమో" అని దాచుకునేవాళ్లు ఉంటారు. చూస్తే చూడనివ్వండి బాబూ. మొదటి రౌండ్లలో జడ్జీ మార్కులెయ్యరు, ఫలానా ఇన్ని జంటలు పైకి రావాలి అంటే అన్ని నంబర్లకి టిక్కు పెడతారంతే, ఒక్కో జంటని చూసేది కొన్ని సెకన్లే, ఆ సెకన్లలో కనపడేది టైమింగూ పోశ్చరూ కానీ మీ సీక్రెట్ ఫిగర్ (స్టెప్పుల వరస) కాదు. ఫైనల్లోనే, అంటే మామూలుగా ఆరు జంటలు మిగిలాక, ప్రతి జడ్జీ ఒకటి నుంచి ఆరు దాకా ర్యాంకులిస్తారు, మెజారిటీ జడ్జీలు ఎటుంటే ఆ ప్లేసు. అక్కడ ఎలాగూ ఫస్ట్ ఒకళ్లకే, అది మాత్రం నిజం.

సలహా ఇచ్చేముందు "చెప్పమంటావా" అని అడగండి. ఒక్క విషయమే చెప్పండి, అబ్బాయీ అమ్మాయీ ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పండి. ఒకళ్లని పక్కకి పిలిచి "మీ పార్ట్‌నర్ వల్లే నీకు రావట్లేదు" అన్నారంటే ఆ గ్రూపు అయిపోయినట్టే. పోటీ రోజున అయితే అసలు నోరెత్తొద్దు, మాస్టారు చెప్పింది చాలు వాళ్లకి.

పార్ట్‌నర్ల విషయం ఇంకా సున్నితం. మన దగ్గర అబ్బాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తుంది లేదా అమ్మాయికి సంబంధం కుదురుద్ది, జంట విడిపోద్ది, మిగిలినవాళ్లు ఆర్నెల్లు ఖాళీగా ఉంటే ఒళ్లు మర్చిపోద్ది. అప్పుడు మీ పార్ట్‌నర్‌ని అడిగి, తనకి ఇష్టమైతేనే, వారానికో గంట వాళ్లతో చెయ్యనివ్వండి. వెనకాల నుంచి మెసేజీలు పెట్టి జంటగా ఉన్నవాళ్లని లాక్కోవడం వేరు, అది చెయ్యకండి. ఇంట్లో ఒప్పించడం కూడా స్నేహితుల పనే నన్నడిగితే, కొత్తమ్మాయి వాళ్లమ్మగారికి మాస్టారి కన్నా ఇంకో అమ్మాయి వాళ్లమ్మగారు "మా పిల్లా వస్తుందండి, నేనూ అక్కడే కూర్చుంటాను" అంటే వెంటనే ధైర్యం వస్తుంది.

హైదరాబాద్ పోటీలకి టికెట్లు కలిసి చేయించుకోండి, రాజమండ్రి వాళ్లకి గౌతమి ఉంది, భీమవరం, పాలకొల్లు వాళ్లకి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్. డ్రెస్సులు మడత పెట్టకుండా కవర్లో వేలాడదియ్యాలి, కిటికీ పక్క కొక్కెం ఎవరిదో ముందే మాట్లాడుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. అందరికీ కలిపి ఒక్క సంచి చాలు: సూది దారం, పిన్నీసులు ఎక్కువగా (అబ్బాయి వీపుకి నంబర్ పెట్టడానికే నాలుగు కావాలి), హెయిర్‌పిన్నులు, రాళ్లు ఊడితే అంటించే గమ్, అరటిపళ్లు. డ్రెస్ అప్పు తీసుకుంటే రాళ్లు లెక్కపెట్టుకుని తీసుకోండి, చెమట ఆరబెట్టి ఇవ్వండి.

మీరు పైరౌండ్‌కి వెళ్లి మీవాళ్లు వెళ్లకపోతే వెంటనే ఓదార్చడానికి పరిగెత్తకండి, కాసేపు వదిలెయ్యండి, తిండి తెచ్చిపెట్టండి. బయటికొచ్చిన జంట మాత్రం కుర్చీల్లో ముడుచుకు కూర్చోకుండా ఫ్లోర్ పక్కన నిలబడి మనవాళ్ల నంబర్ గట్టిగా అరవాలి, అక్కడ అందరూ అరుస్తారు, సిగ్గుపడక్కర్లేదు. రిజల్ట్ షీట్ రైల్లో తియ్యకండి. రెండ్రోజులాగి మండపంలో అందరూ ఉన్నప్పుడు ఏ డాన్స్‌లో ఏ జడ్జీ టిక్కు పెట్టలేదో చూసి, ఆ వారం ఆ డాన్స్‌తోనే మొదలెట్టండి.