చలి పోయింది, కూలర్ దించాం

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. ఈసారి చలి అంత తేలిగ్గా వదల్లేదు. అమ్మ ఇంకా స్వెట్టర్ తీయకముందే మా పిల్లాడు ఉక్కపోత అంటూ గోల మొదలుపెట్టాడు. అటక మీది కూలర్ దించాం.

గాలి వస్తోంది గానీ చల్లదనం లేదు. పంపు చప్పుడు వినిపిస్తోంది, గడ్డి మాత్రం పొడిగానే ఉంది. మెకానిక్ పంపు మార్చాలన్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. ప్లగ్ తీసేసి పైమూత ఎత్తితే, నీళ్లు పంచే గొట్టం రంధ్రాలన్నీ తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. మాది బోరు నీళ్లు, హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కుళాయిలకు పట్టే సున్నమే ఇది.

లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి గొట్టాన్ని నానబెట్టాను. పులుపు తగలగానే సున్నం బుసబుసా పొంగింది. మెత్తబడ్డాక సేఫ్టీ పిన్నుతో పొడిస్తే పొలుసులుగా ఊడొచ్చింది. గడ్డి మాత్రం కొత్తదే వేశాం, పాతది భరించలేని వాసన.

ఇంతలో అమ్మ చలిగాలంటూ కిటికీలన్నీ మూసేసింది. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది. గదిలో తేమ నిండితే ఆ పని జరగదు. అందుకే ఎదురు కిటికీ తెరిచి, అమ్మ మంచం గాలికి పక్కగా జరిపాం. డెంగీ దోమలు నిల్వ నీళ్లలోనే గుడ్లు పెడతాయి కాబట్టి ఆదివారం ఆదివారం ట్యాంకు ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టే డ్యూటీ పిల్లాడిది.