డాబా మీద సెన్సర్లకు సోలార్ పెట్టాలంటే: ప్యానెల్ సంగతి ఆఖర్న

అపార్ట్‌మెంట్ డాబా మీద నాలుగైదు ట్యాంకులు, ఒక్కోదానికి నీటిమట్టం చెప్పే సెన్సర్, కింద వాచ్‌మన్ గదిలో రిసీవర్. అంత పైదాకా కరెంటు వైరు లాగలేక చాలామంది సోలార్ అనుకుంటారు, అనుకోగానే హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గుజరాతీ గల్లీకి పోయి దొరికినంత పెద్ద ప్యానెల్ తెచ్చేసుకుంటారు. ఆగండి. ముందు తేల్చుకోవాల్సింది, మీ నోడ్ (సెన్సర్, చిప్, రేడియో, బ్యాటరీ కలిసిన పెట్టె) పని లేనప్పుడు ఎంత కరెంటు తింటోంది అనేది.

సెన్సర్‌ని నడిపే ఈఎస్‌పీ32 చిప్ డీప్ స్లీప్‌లో, అంటే గాఢనిద్రలో, 10 మైక్రోఆంప్‌ల (మిల్లీఆంప్‌లో వందో వంతు) దగ్గర ఉంటుంది. కానీ మనం కొనేది ఉత్త చిప్ కాదు, బోర్డు. దాని మీద ఎప్పుడూ వెలిగే ఎల్‌ఈడీ ఉంటుంది, యూఎస్‌బీ చిప్ ఉంటుంది, వోల్టేజ్‌ని సరిచేసే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఉంటుంది. ఆ రెగ్యులేటర్ ఒక్కటే ఊరికే 5 మిల్లీఆంప్‌ల దాకా మింగుతుంది. బ్యాటరీ వైరుకి సిరీస్‌లో మల్టీమీటర్ పెట్టి చూడండి. బోర్డు పడుకున్నాక కూడా 10 మిల్లీఆంప్‌లు చూపిస్తే రోజుకి 240 ఎంఏహెచ్ (మిల్లీఆంప్-అవర్లు, బ్యాటరీ నిల్వని కొలిచేది ఇందులోనే) గోవిందా. అదే 20 మైక్రోఆంప్‌లకు దించి, పది నిమిషాలకోసారి లేపి, 3 సెకన్లు సగటున 50 మిల్లీఆంప్‌లతో రీడింగ్ తీసి లోరాలో (తక్కువ కరెంటుతో దూరం పంపే రేడియో) పంపిస్తే, రోజు మొత్తానికి అటూ ఇటుగా 6.5 ఎంఏహెచ్. ఇంత తేడాని ప్యానెల్‌తో పూడ్చాలనుకోవడం, కుళాయి లీకవుతుంటే పెద్ద ట్యాంకు కొన్నట్టే.

కాబట్టి ఎల్‌ఈడీ పీకేయండి, రెగ్యులేటర్ తక్కువ తినేది వేయండి, సెన్సర్‌కి పవర్ మాస్‌ఫెట్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా ఇచ్చి రీడింగ్ అవ్వగానే ఆపేయండి. లోరా మాడ్యూల్ మన దేశంలో లైసెన్స్ అక్కర్లేని 865-868 మెగాహెర్ట్జ్‌లో నడవాలి. వైఫై వద్దనే అంటాను, కనెక్ట్ అవ్వడానికే సెకన్లకు సెకన్లు తింటుంది.

బ్యాటరీ దగ్గర మే నెల గుర్తుపెట్టుకోండి. బయటే 40 దాటితే డాబా మీద మూసిన డబ్బాలో ఎంతుంటుందో చెప్పక్కర్లేదు, మామూలు లిథియం అయాన్‌ని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. నా ఓటు ఎల్‌ఎఫ్‌పీకే (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ), వేడికి కాస్త తట్టుకుంటుంది. అయితే దానికి 3.6 వోల్టుల దగ్గర ఆగే చార్జర్ కావాలి, 4.2 దాకా ఎక్కించే టీపీ4056 చార్జర్ చిప్ దీనికి పనికిరాదు. డబ్బా తెల్లది తీసుకుని ట్యాంకు నీడలో పెట్టండి, ప్యానెల్ వెనక అతికించకండి.

ఇప్పుడు ప్యానెల్. జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టిన రోజుని లెక్కలోకి తీసుకోండి, ఏప్రిల్ ఎండని కాదు. 6 వోల్టులు, 1 వాట్ ప్యానెల్ మంచి ఎండలో 160 మిల్లీఆంప్‌ల వరకు ఇస్తుంది. ముసురులో అందులో పదోవంతే వచ్చినా, ఆరు గంటలకు దాదాపు 96 ఎంఏహెచ్. 6.5 తినే నోడ్‌కి ఇది బోలెడు, 240 తినేదానికి ఏ మూలకీ చాలదు. దక్షిణం వైపు 20 డిగ్రీల వాలుతో బిగించండి, వాలు ఉంటే వాన దుమ్ముని కడిగేస్తుంది కూడా. లోపలి సెల్స్ అన్నీ సిరీస్‌లో ఉంటాయి కాబట్టి మెట్ల గది నీడ ఓ మూల పడినా మొత్తం కరెంటు పడిపోతుంది.

చాలామందికి తట్టని ఇబ్బంది ఇంకోటుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయాక పొద్దున్నే కాస్త వెలుగు రాగానే నోడ్ లేస్తుంది, రేడియో ఆన్ చేస్తుంది, వోల్టేజ్ పడిపోయి రీసెట్ అవుతుంది, మళ్ళీ లేస్తుంది. వచ్చిన కరెంటంతా ఇందులోనే పోయి బ్యాటరీ ఎక్కదు. అందుకే కోడ్‌లో మొదటి పని వోల్టేజ్ చూడటం. 3 వోల్టులకు దగ్గరపడితే రేడియో ముట్టుకోకుండా గంటసేపు పడుకోమనండి. ఆ వోల్టేజ్‌ని సగానికి దించి కొలవడానికి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండు పెడితే అవే 16 మైక్రోఆంప్‌లు తింటాయి, అంటే నిద్ర ఖర్చు ఇంచుమించు రెట్టింపు. 1 మెగా ఓమ్‌వి పెట్టి, రీడింగ్ నిలకడగా ఉండటానికి ఆ రెండూ కలిసే చోటు నుంచి గ్రౌండ్‌కి చిన్న కెపాసిటర్ వేయండి.

వోల్టేజ్‌ని ప్రతి మెసేజ్‌తో కిందికి పంపించండి, వారం గ్రాఫ్ చూస్తే ప్యానెల్ మీద దుమ్ము పేరుకుందో లేదో పైకెక్కకుండానే తెలుస్తుంది. సంక్రాంతికి మాత్రం ఒకసారి ఎక్కాల్సిందే, యాంటెన్నాకి మాంజా చుట్టుకోకుండా ఉండదు.