మాగెల్లాన్ జలసంధికి వెళ్లడం ఎలా? ముందు గాలితో రాజీపడండి

దక్షిణ అమెరికా మ్యాపులో కింది కొసకి వెళ్తే ఖండానికీ తియెర్రా డెల్ ఫ్యూగో దీవికీ మధ్య వంకరటింకరగా ఒక నీటి పాయ కనిపిస్తుంది, అదే మాగెల్లాన్ జలసంధి, పొడవు దాదాపు 570 కిలోమీటర్లు. 1520 అక్టోబరు 21న పోర్చుగీసు నావికుడు మాగెల్లాన్ ఓడలు దాని తూర్పు మొనకి చేరాయి, నవంబరు 28న పసిఫిక్‌లో తేలాయి. 1914లో పనామా కాలువ తెరిచాక ఓడల రద్దీ పడిపోయింది, గాలి మాత్రం అలాగే ఉంది. ఇక్కడ టైమ్‌టేబుల్ రాసేది ఆ గాలే. అందుకే ప్లాన్ ఎంత పక్కాగా వేసుకున్నా రెండు రోజులు ఖాళీగా ఉంచండి.

ఎప్పుడు వెళ్లాలి? నవంబరు నుంచి మార్చి మధ్యలో. మనకి చలికాలం, వాళ్లకి ఎండాకాలం అన్నమాట. ఎండాకాలం అన్నానని కాటన్ బట్టలు సర్దుకునేరు, పగలు 15 డిగ్రీలు వస్తే గొప్ప. డిసెంబరులో పగలు 17 గంటల దాకా ఉంటుంది కానీ గాలి జోరెక్కేదీ అప్పుడే. జలసంధి ఒడ్డునున్న చిలీ ఊరు పుంటా అరేనాస్‌లో మరీ ఎక్కువగా వీచే రోజుల్లో నడిచేవాళ్లు పట్టుకోవడానికి వీధుల్లో తాళ్లు కడతారు. గొడుగు ఇంట్లోనే వదిలేయండి, గాలి దూరని జాకెట్, చెవులు మూసే టోపీ, సన్‌స్క్రీన్ చాలు.

కాగితాలు. చిలీ వీసా రూల్స్ ఢిల్లీలోని వాళ్ల ఎంబసీ దగ్గర ముందే కనుక్కోండి. అర్జెంటీనాలోని ఉషువాయియా కూడా చూద్దామనుకుంటే దాని వీసా వేరు, తిరిగి చిలీలోకి రావాలంటే ఒక్క ఎంట్రీ ఉన్న చిలీ వీసా పనికిరాదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ప్రయాణం. మన దేశం నుంచి చిలీకి డైరెక్ట్ ఫ్లైట్ లేదు, ఎక్కడో ఒకచోట మారి సాంటియాగో చేరాలి, అక్కడి నుంచి పుంటా అరేనాస్‌కి ఇంకో మూడున్నర గంటలు. ఆ ఫ్లైట్‌లో ఎడమవైపు కిటికీ సీటు తీసుకోండి, మబ్బు లేకపోతే ఆండీస్ మంచు కొండలు కనిపిస్తాయి. అంతకుముందు సాంటియాగోలో దిగగానే తిండి పదార్థాల డిక్లరేషన్ ఉంటుంది. పండ్లు, గింజలు, నెయ్యిలాంటివి ఉంటే ఉన్నాయనే చెప్పండి. చెబితే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా. మా కందిపొడి డబ్బా మూత తీసి వాసన చూసిన ఆఫీసరు ఒక తుమ్ము తుమ్మి తిరిగి ఇచ్చేశాడు.

జలసంధి దాటడం. అసలు పని ఇదే. ఊరి పక్క త్రెస్ పువెంతెస్ రేవు నుంచి అవతలి దీవిలోని పోర్వెనీర్ ఊరికి రెండు గంటల పైచిలుకు ఫెర్రీ ఉంది. నా ఓటు మాత్రం జలసంధి సన్నబడే ప్రిమేరా అంగోస్తూరా దగ్గర దాటడానికే. అక్కడ వెడల్పు నాలుగు కిలోమీటర్లు, దాటడం ఇరవై నిమిషాలు. ఆ ఫెర్రీని వాళ్లు బార్కాసా అంటారు, మన నరసాపురం రేవులో పంటు లాంటిదే, కాకపోతే పెద్ద లారీలు, ఉషువాయియా బస్సులు కూడా ఎక్కేస్తాయి. మేం వెళ్లిన రోజు గాలికి నాలుగు గంటలు ఆపేశారు. లారీల వరుస కిలోమీటరుకి పైనే ఉంది, ఒక్కరూ హారన్ కొట్టలేదు, మా డ్రైవరు ఇంజిన్ ఆపి తాపీగా మాతే టీ కలుపుకున్నాడు. ఎక్కాక బస్సులో కూర్చోకుండా పైకి వెళ్లి రెయిలింగ్ గట్టిగా పట్టుకోండి. నలుపు తెలుపు రంగుల్లో, మన చేతులు చాపినంత పొడవు కూడా లేని డాల్ఫిన్లు ఓడ పక్కనే ఈదుతాయి. మాకు మూడు కనిపించాయి, ఫోన్ తీసేలోపే మాయం.

పెంగ్విన్లు. జలసంధిలో పెంగ్విన్లు ఉండే మాగ్దలేనా దీవి టూర్‌ని మొదటి రోజే పెట్టుకోండి, గాలికి రద్దయితే మర్నాడు మళ్లీ ప్రయత్నించొచ్చు. దీవి మీద తాళ్లు కట్టిన బాటలోనే నడవాలి, పెంగ్విన్ అడ్డంగా వస్తే ఆగాల్సింది మీరే. బొరియలోంచి గాడిద ఓండ్రపెట్టినట్టు అరుపు వినిపిస్తే కంగారుపడకండి, అది పెంగ్విన్ గొంతే.

ఇంకో పూట మిగిలితే పుంటా అరేనాస్‌కి దక్షిణంగా 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఫుయెర్తె బుల్నెస్ కోటకి వెళ్లండి, 1843లో చిలీ వాళ్లు కట్టింది. పక్కనే ‘ఆకలి రేవు’. 1584లో స్పెయిన్ వాళ్లు అక్కడ కాపురం పెట్టించిన జనంలో చాలామంది తిండిలేక పోయారు, మూడేళ్ల తర్వాత వచ్చిన ఇంగ్లిష్ నావికుడు కావెండిష్ ఆ పేరు పెట్టాడు. ఇంకా కిందికి, ఖండపు చివరి మొన ఫ్రోవర్డ్ దాకా రోడ్డు లేదు, ఆటుపోట్లు చూసుకుని నదులు దాటుతూ రోజుల తరబడి నడవాలి. అలవాటు లేకపోతే ఆ మాటే ఎత్తకండి.

పుంటా అరేనాస్ ఊళ్లో పెద్ద కూడలిలో 1920లో పెట్టిన మాగెల్లాన్ విగ్రహం ఉంది. కింద కూర్చున్న ఆదివాసి బొమ్మ కాలివేలు ముట్టుకుంటే మళ్లీ ఇక్కడికి వస్తారని నమ్మకం, అందరూ ముట్టుకుని ఆ వేలు ఒక్కటే తళతళా మెరుస్తుంటుంది. ఇక్కడ పొదలకి కాసే కాలఫాతే పండు తిన్నా అంతే అంటారు. ఆ జామ్ కొంటే చెకిన్ బ్యాగులో పెట్టండి, చేతి సంచిలో పెట్టిన మా సీసా సెక్యూరిటీ దగ్గరే ఉండిపోయింది.